దండెం మీద దుప్పట్లు

ఆ ఇంట్లో గాలి ఎలా ఉందో తెలుసుకోవడానికి రెండు సాధనాలు ఉండేవి. ఒకటి మేడ మీద రెండు దేశాలు కలిసి పెట్టిన మిషను. రెండోది అత్తగారి నోరు.

మిషను సంగతి తర్వాత చూద్దాం. అత్తగారి నోరు మాత్రం ఏనాడూ తప్పు చెప్పి ఎరగదు. వానాకాలంలో, గాలి కడిగిన గాజులా ఉండే రోజుల్లో, ఆవిడ ఒక్క ఊపిరిలో కోడలి వంటనీ, కోడలి పుట్టింటినీ, కోడలు చదివిన కాలేజీనీ వరసగా చుట్టబెట్టి, చివర్న "అయినా నాకెందుకులే" అని ముడేసి, అప్పుడు తీరిగ్గా ఊపిరి తీసుకునేది. చలి మొదలయ్యాక పుట్టింటి దగ్గర ఒక మజిలీ పడింది. ఆ తర్వాత వంటకో ఊపిరి, పుట్టింటికో ఊపిరి అయింది. ఈమధ్య కాలేజీ దాకా రావడమే లేదు.

పెళ్లయిన కొత్తలో ఆ నోరు ఒక్క పూట మూతపడితే చాలనుకున్న కోడలు ఇప్పుడు వంటింట్లో చెవులు రిక్కించుకుని నిలబడుతోంది, ఈ పూట ఎంత దూరం వస్తుందోనని.

"ఏమే... ఈ జావలో... ఉప్పు..."

"వేశానత్తయ్యా."

"వేశావని... తెలుస్తూనే ఉంది... అందుకే..."

ఆ తర్వాత వచ్చింది దగ్గు. దగ్గు వెనకాల ఈల. 'అందుకే' తర్వాత రావలసిన మాట కోసం కోడలు గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. అది రాలేదు.

వాళ్ళ ఊరు నది ఒడ్డున ఉంది. ఇవతలి ఒడ్డు ఒక దేశం, అవతలి ఒడ్డు ఇంకో దేశం. నది మీద గీత గీసిన పెద్దమనుషులు భాషని కూడా రెండుగా కోయాలన్న సంగతి మరిచిపోయారు కాబట్టి రెండు ఒడ్డుల వాళ్ళూ ఒకే మాట మాట్లాడతారు, చలికాలంలో ఒకే దగ్గు దగ్గుతారు. అవతల కోతలైపోయాక పొలాల్లో మిగిలిన వరి కొయ్యకాళ్ళు తగలబెడతారు. ఇవతల ఊరి చుట్టూ ఇటుక బట్టీలు. చలికాలం ముందు సగం గాలి అటు నుంచి ఇటు వీస్తుంది, వెనక సగం ఇటు నుంచి అటు. అంటే ముందు వాళ్ళ పొగ వీళ్ళు తింటారు, తర్వాత వీళ్ళ పొగ వాళ్ళు తింటారు. ఇచ్చిపుచ్చుకోవడంలో ఎవరూ ఎవరికీ లోటు చేయలేదు.

ఇలా ఎన్నో ఏళ్ళు తిట్టుకున్నాక రెండు ప్రభుత్వాలూ ఒక ఒప్పందానికి వచ్చాయి. ఒడ్డుకొక ఆఫీసు, ఆఫీసు మేడ మీద ఒక మిషను. ఆ మిషను గాలి పీల్చి, అందులో మసీ దుమ్మూ ఎంత ఉన్నాయో కొలిచి, కింద గదిలో ఉన్న పెట్టెకి అంకె పంపుతుంది. రోజూ ఉదయం ఇద్దరు ఆఫీసర్లూ ఫోన్లో అంకెలు చెప్పుకోవాలి. ఏ ఒడ్డున అంకె రెండొందలు దాటితే, ఎదుటి ఒడ్డు వాళ్ళు తమ మంటలు ఆర్పించాలి. అటు అయితే పొలాలు, ఇటు అయితే బట్టీలు. దాటకపోతే ఎవరి పని వాళ్ళది.

ఇవతలి ఒడ్డు ఆఫీసరే అత్తగారి కొడుకు. ఊళ్ళో ఆయన్ని గాలి ఆఫీసరంటారు. మీవారేం చేస్తారని ఎవరైనా అడిగితే కోడలు "గాలి చూస్తుంటారు" అని చెప్పేది. అడిగినవాళ్ళు జాలిగా మాట మార్చేసేవారు. కింద ఆఫీసు, పై అంతస్తులో వీళ్ళ కాపురం, ఆ పైన మేడ, మేడ మీద మిషను. కాబట్టి రెండు దేశాల మధ్య ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి కోడలికి ఒక కప్పు టీ పట్టుకుని మెట్లు దిగితే సరిపోయేది.

ఆ రోజు కూడా టీ పట్టుకుని దిగింది. ఆయన ఆకుపచ్చ ఫోను చెవిన పెట్టుకుని ఉన్నాడు. ఆ ఫోనుకి అవతలి ఒడ్డు ఒక్కటే వినపడుతుంది.

"నమస్కారం సార్. మావైపు నూట డెబ్భై ఎనిమిది."

"నమస్కారం సార్. మావైపు నూట పది. అమ్మగారికి ఎలా ఉంది?" గది నిశ్శబ్దంగా ఉంటే అవతలి గొంతు బయటికే వినిపిస్తుంది.

"అలాగే ఉంది సార్. మీ నడుం?"

"అదీ అలాగే ఉంది సార్. ఉంటాను."

ఫోను పెట్టేశాక కోడలు కిటికీ వైపు చూపించింది. "నూట డెబ్భై ఎనిమిదేమిటండీ? వంతెన కనపడ్డం లేదు."

"వంతెన కనపడకపోవడం కొలత కాదు."

"మీ అమ్మగారికి ఊపిరందకపోవడం?"

"అదీ కాదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ చలికాలంలో ఆయన అద్దాలు తుడిచినంతగా ఎవరూ ఏదీ తుడిచి ఉండరు. "నన్నేం చేయమంటావు? రెండొందల గీత దాటితే అడిగే హక్కుంది నాకు. దాటకపోతే లేదు."

"ఇరవై రెండే కదా తక్కువ. కూరగాయల దగ్గర అడిగినట్టు సర్దుకోమని అడగలేరూ?"

"ఇది ఒప్పందం, వంకాయలు కాదు."

"మిషను బాగానే ఉందా అసలు?"

"మెకానిక్ వచ్చి చూసి వెళ్ళాడుగా. అది మన దగ్గర తయారైంది కూడా కాదు, తప్పు చెప్పడానికి."

కోడలు ఖాళీ కప్పు తీసుకుని పైకి వెళ్ళిపోయింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకుంది గానీ, మెట్ల మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆయన తల రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కోపం వాయిదా వేసుకుంది.

మధ్యాహ్నానికి అత్తగారి పెదవులు నీలంగా మారాయి. టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడ వరండాలో మంచాలు, మంచాల మధ్య కుర్చీలు, కుర్చీల మధ్య నేల మీద మనుషులు. ఊరంతా ఒకే పని మీద వచ్చినట్టుంది, ఊపిరి పీల్చుకుందామని. ఛాతీ డాక్టరు చిన్నపిల్ల. కళ్ళ కింద నల్లగా ఉంది. అత్తగారి వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"మంచం ఇవ్వలేనండీ. ఆక్సిజన్ మిషను ఒకటి ఇంటికిస్తాను, అదే చివరిది. ఇంట్లోనే చూసుకోండి. వీలైతే గాలి మార్పుకి తీసుకెళ్ళండి."

"ఎక్కడికి తీసుకెళ్ళమంటారు డాక్టరుగారూ?" కోడలు అడిగింది.

డాక్టరు కిటికీలోంచి చూసింది. ఏ దిక్కున చూసినా అదే బూడిద రంగు. వెటకారమో నిజంగా అడిగిన మాటో తేల్చుకోలేక ఒక క్షణం ఆగి, "కిటికీకి తడిదుప్పటి కట్టండి," అంది. "పాతకాలం పని. కానీ మసి కొంత దానికి పట్టుకుంటుంది. ఇలా ఇంకో వారం నడిస్తే మాత్రం... ఆవిడ తట్టుకోలేరు. మీకు తెలియాలి కాబట్టి చెప్తున్నాను."

టాక్సీలో అత్తగారు కోడలి భుజం మీద తల వాల్చి, "డాక్టరు పిల్ల... నీకంటే... నయం," అంది. మూడు ముక్కలు, మూడు ఊపిర్లు. కోడలు మనసులో రాసుకుంది.

ఇంటికి రాగానే ఉన్నవాటిల్లో మందపాటి దుప్పటి తడిపి, పిండి, అత్తగారి గది కిటికీకి అడ్డంగా కట్టింది. ఆరినప్పుడల్లా చెంబుతో నీళ్ళు చల్లింది. తెల్లారి జావ పట్టుకుని గదిలోకి అడుగుపెట్టేసరికి మంచం మీంచి మాట వచ్చింది.

"పట్టపగలు చీకటి చేసి నన్ను నేలమాళిగలో పడేశావు."

ఒక్క ఊపిరి. మధ్యలో మజిలీ లేదు. కోడలికి ఆ తిట్టు ఎంత ముద్దొచ్చిందంటే జావ గిన్నె పక్కన పెట్టేసి "ఏదీ, ఇంకోసారి అనండత్తయ్యా," అంది.

"నీకు... మతి పోయిందా ఏమిటే?"

దుప్పటి విప్పి చూస్తే లోపలి వైపు తెల్లగానే ఉంది. బయటి వైపు పొయ్యి గోడలా ఉంది. బకెట్లో జాడిస్తే నీళ్ళు సిరాలా నల్లబడ్డాయి. కిటికీకి ఇంకోటి కట్టి, ఉతికిన దుప్పట్ల బకెట్ పట్టుకుని కోడలు మేడ ఎక్కింది. అత్తగారికి జబ్బు చేసినప్పటి నుంచీ రోజూ ఇదే తంతు. చెమటకీ కక్కుకీ పక్క మార్చడం, ఉతకడం, మోసుకొచ్చి ఆరేయడం. మేడ మీద దండెం నాలుగు వైపులా ఉంది. నడుమ ఉన్న ఇనుప స్తంభానికి నాలుగు చేతుల్లా కమ్మీలున్నాయి, వాటి కొస నుంచి కొసకి చుట్టూ నైలాను తీగలు కట్టి ఉన్నాయి. ఆ స్తంభం మిషనుది.

బకెట్లోంచి మొదటి దుప్పటి తీసి, దులిపి, తీగ మీద వేసి, అంచులు సవరించి, క్లిప్పులు పెట్టింది. రెండోది వేసింది. మూడోది తీయబోతూ ఆగిపోయింది.

నిన్నటి దుప్పట్లు ఇంకా ఆరలేదు. పొగలో ఎండ ఎక్కడిది? ఆ పక్కన మొన్నటివి. అన్నీ బయటి వైపు నల్లగా, లోపలి వైపు తెల్లగా. లోపల, నాలుగు తడి గోడల మధ్య, పెళ్ళిపీటల మీద కూర్చున్నంత నిశ్చింతగా, టోపీ పెట్టుకున్న గొట్టంతో మిషను నిలబడి ఉంది. గుర్రుమంటూ గాలి పీలుస్తోంది.

కోడలు ఒక దుప్పటి ఎత్తి లోపలికి దూరింది. లోపల సబ్బు వాసన. ఊపిరి బాగానే ఆడింది.

బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. రోజూ ఎక్కే మేడ, రోజూ వేసే దుప్పట్లు, రోజూ కింద వినే అంకె. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒక్కసారైనా చూడలేదు. అత్తగారి జబ్బు ముదిరినకొద్దీ దుప్పట్లు పెరిగాయి. దుప్పట్లు పెరిగినకొద్దీ అంకె గీతకి ఇవతలే ఉండిపోయింది. అంకె దాటలేదు కాబట్టి అవతల పొలాలు తగలబడుతూనే ఉన్నాయి. పొలాలు తగలబడినకొద్దీ అత్తగారి జబ్బు... అక్కడికి వచ్చేసరికి లెక్క తిరిగి మొదటికొచ్చింది. ఆవిడని తను ఎంత శుభ్రంగా చూసుకుందో అంత శుభ్రంగా చంపుతోందన్నమాట.

ఆయన్ని మేడ మీదికి పిలుచుకొచ్చింది. ఏడాదికోసారి, వానలప్పుడు, రెండు దేశాల బృందం మిషను చూడ్డానికి వస్తుంది. వాళ్ళొచ్చే రోజున "బట్టలు కనపడకూడదు" అని ఆయనే అన్నీ తీయించేవాడు. ఆ ఒక్క రోజు తప్ప ఆయన మేడ ఎక్కిన పాపాన పోలేదు. మెకానిక్ అయితే దుప్పట్ల కింద నుంచి దూరి వెళ్ళి, పని చేసుకుని, పోతూపోతూ చేతులు ఆమె తువ్వాలుకి తుడుచుకుని పోయేవాడు.

ఆయన చుట్టూ తిరిగి చూశాడు. నల్ల వైపు, తెల్ల వైపు. 

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి. దండెం కట్టింది మీరే. గోడకి మేకు కొడితే ప్రభుత్వం గోడ పాడవుతుందన్నారు."

ఆయన వచ్చి పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాడు. మనిషి ఒక్కసారిగా పొట్టివాడైపోయినట్టున్నాడు.

"అయితే తీసేద్దాం," అంది కోడలు. "ఇప్పుడే."

"ఆగు. ఒక్కసారిగా తీస్తే ఒక్కసారిగా ఎగురుతుంది. కారణం లేకుండా అంకె అలా ఎగిరితే మిషను చెడిందని లెక్క. రెండు దేశాల వాళ్ళూ కమిటీ వేసుకుని వచ్చి చూసేదాకా ఆ అంకె చెల్లదు. వాళ్ళు రావడానికి నెల."

"కారణం ఉందిగా. చెప్పండి."

"ఏమని చెప్పను? ఈ చలికాలం పొడుగూతా నేను చెప్పిన అంకెలన్నీ అబద్ధమనా? ఒప్పందం మీద దుప్పటి ఆరేసినవాడు అని రెండు దేశాల్లో చెప్పుకుంటారు. ఉద్యోగం పోతుంది. ఈ ఇల్లు పోతుంది. అమ్మ మందులు ఎవరిస్తారు?"

 అందులో అబద్ధం ఏదీ లేదు.

"రోజుకొక దుప్పటి తీద్దాం," అన్నాడాయన చివరికి. "మెల్లగా పెరుగుతుంది. ఎవరికీ అనుమానం రాదు."

ఆమెకి ముందు నవ్వొచ్చింది. యుద్ధంలో సైన్యాన్ని వెనక్కి తీసుకున్నట్టు దుప్పట్లని వెనక్కి తీసుకోవడం. ఆ తర్వాత తీగల వైపు చూసి లెక్కపెట్టింది. నవ్వు పోయింది.

"పదకొండున్నాయండీ. ఆవిడకి పదకొండు రోజులున్నాయని మీ మిషను చెప్పిందా?"

ఆయన అద్దాలు తుడుచుకున్నాడు.

మర్నాడు ఒక దుప్పటి దిగింది. అంకె నూట ఎనభై ఆరు. "కొంచెం పెరిగినట్టుంది సార్," అన్నాడు అవతలి ఆఫీసరు మర్యాదగా. "కొంచెం సార్," అన్నాడీయన. ఆ తర్వాతి రోజు ఇంకోటి దిగింది. ఆ రోజే అవతల పెద్ద పొలాల వంతు వచ్చినట్టుంది, మధ్యాహ్నానికి వీధిలో ఎదురింటి తలుపు రంగు కూడా తెలియలేదు. కిటికీకి కట్టిన తడిదుప్పటి ఒక్క గంటలో నల్లగా అట్ట కట్టింది. కోడలు మారుస్తూనే ఉంది. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కింది. ఆక్సిజన్ మిషను మంచం పక్కన గుర్రుమంటోంది. మేడ మీద దాని అన్నగారూ అలాగే గుర్రుమంటున్నాడు. రెండింటి మధ్యా అత్తగారు.

మాటలు ముందురోజే ఆగిపోయాయి. అయినా చూపు ఉండేది. ఆ చూపులోనే వంటా, పుట్టిల్లూ, కాలేజీ మూడూ కనిపించేవి, కోడలికి చదవడం వచ్చు. సాయంత్రం పొద్దుపోకముందు మందు పట్టడానికి వంగితే అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది. గాలి లేని గొంతుతో, పెదవులు కదిపి, అడిగింది.

"తిన్నావా?"

అంతే. అందులో తిట్టు లేదు, ఎత్తిపొడుపు లేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆ ప్రశ్న వేయడం అదే మొదలు. "ఏం తిని పెంచారే నిన్ను" అని అడిగింది గానీ "తిన్నావా" అని ఎన్నడూ అడగలేదు.

"తిన్నానత్తయ్యా," అంది కోడలు. తినలేదు.

మందు గ్లాసు బల్ల మీద పెట్టింది.  వంటింట్లోకి వెళ్ళి కూరగాయల కత్తి తీసుకుని మేడ ఎక్కింది. క్లిప్పులు తీసే ఓపిక లేదు. కమ్మీల దగ్గర తీగలు నాలుగూ కోసేసింది. మిగిలిన తొమ్మిది దుప్పట్లూ ఒక్కసారిగా నేల మీద కూలబడ్డాయి. వాటిని చుట్టలు చుట్టి చేతులకందినన్ని ఎత్తుకుని మెట్ల మీదుగా ఈడ్చుకుంటూ దిగింది. ఆయన ఆఫీసు గదిలోంచి వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. తడి దుప్పట్లు, కత్తి, భార్య ముఖం, వరసగా చూశాడు.

"మీ అమ్మగారు నన్ను తిన్నావా అని అడిగారు," అంది కోడలు.

ఆయన ఆ నోటి కింద పుట్టి పెరిగినవాడు. ఇంకేం అడగలేదు. ఒక దుప్పటి చుట్ట అందుకున్నాడు.

ఉదయం పెట్టె మీద అంకె నాలుగొందల పన్నెండు.

ఆకుపచ్చ ఫోను దగ్గర ఈసారి ఇద్దరూ ఉన్నారు. ఆయన అంకె చెప్పాడు. అవతల చప్పుడు లేదు.

"సార్, ఉన్నారా?"

"ఉన్నాను సార్. నిన్న నూట తొంభై అయిదు చెప్పారు. ఇవాళ నాలుగొందలా?" ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీకు తెలుసుగా రూలు. మిషను చెడిందని రాసుకుంటాను. కమిటీ వస్తుంది. అప్పటిదాకా ఈ అంకె లెక్కలోకి రాదు."

ఆయన నోరు తెరిచాడు. ఏ మాటా రాలేదు. వాళ్ళమ్మకి లాగే, కాకపోతే గాలి లేక కాదు. కోడలు ఆయన చేతిలోంచి రిసీవరు తీసుకుంది.

"అన్నయ్యగారూ, నేను వీరి ఇంటావిడని."

"అమ్మా, ఇది ఆఫీసు ఫోను."

"తెలుసు. మిషను చెడలేదు. దాని చుట్టూ నేను తడి దుప్పట్లు ఆరేశాను. ఈ చలికాలమంతా. నిన్న సాయంత్రం తీసేశాను. ఇవాళ చెప్పిన అంకే నిజం. ఇన్నాళ్ళూ చెప్పినవి దుప్పట్లలోంచి వడగట్టినవి."

అవతల కుర్చీ కిర్రుమంది.

"అమ్మా," అన్నాడు అవతలి ఆఫీసరు గొంతు తగ్గించి, "మీరు ఈ మాట నాకు చెప్పలేదు, నేను వినలేదు. విన్నానంటే రాయాలి. రాస్తే మీ ఆయనకి..."

"రాయకపోతే మా అత్తగారికి," అంది కోడలు. "మీరే చెప్పండి, ఎవర్ని వదులుకోమంటారో."

 రిసీవరు చేతిలోంచి జారింది. ఆయన దాన్ని పట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"రాయండి సార్. దండెం నేనే కట్టాను. ఆఫీసు మిషను స్తంభానికి, నా చేతుల్తో. అలాగే రాయండి."

"రాస్తే అంకె చెల్లుతుంది," అన్నాడు అవతలి ఆఫీసరు నెమ్మదిగా. "కారణం తెలిసినప్పుడు కమిటీ అక్కర్లేదు. కానీ ఆ కారణాన్ని నేను కళ్ళతో చూడాలి. వస్తున్నాను."

మధ్యాహ్నం కాకముందే వంతెన దాటి వచ్చాడు. ముఖానికి గుడ్డ, నడుం మీద ఒక చెయ్యి, రెండో చెయ్యి మెట్ల కమ్మీ మీద. ఇన్నేళ్ళుగా రోజూ వింటున్న గొంతు ఇంత లావు మనిషిదని కోడలు ఊహించలేదు. మెట్టుమెట్టుకీ ఆగుతూ మేడ ఎక్కాడు. స్తంభానికి వేలాడుతున్న తీగల కొసలు చూశాడు. కోడలు కిటికీకి కట్టిన దుప్పటి ఒకటి ఉతక్కుండా తెచ్చి చూపించింది. ఆయన దాని నల్ల వైపు వేలితో రాసి, వేలు చూసుకుని, జేబురుమాలుకి తుడుచుకున్నాడు.

అటు నది వైపు తిరిగి నిలబడ్డాడు. నది కనపడలేదు.

"మా ఆవిడకి మొక్కలంటే ప్రాణం," అన్నాడు, ఎవరితోనో చెప్తున్నట్టు. "మా మేడ మీద మిషను చుట్టూ కుండీలు పెట్టింది. పొద్దునా సాయంత్రం గొట్టంతో నీళ్ళు చిమ్ముతుంది, ఆకుల మీద మసి పడుతోందని."

కోడలూ ఆమె భర్తా ముఖముఖాలు చూసుకున్నారు.

"మిషను మీద కూడానా అన్నయ్యగారూ?"

"మిషనంటే దానికి మహా గౌరవం. ముందు దానికే చిమ్ముతుంది." ఆగాడు. "మా నూట పది..." అని, మాట పూర్తి చేయలేదు.

"ఇంకొన్నాళ్ళలో గాలి మీ వైపు మళ్ళుతుంది సార్," అన్నాడు గాలి ఆఫీసరు. "కుండీలు తీసేయండి. అప్పుడు మీ అంకె ఎంతంటే అంతకి నేను బట్టీలు ఆపిస్తాను." నోటిలోంచి ఆ మాట వచ్చాక గుర్తొచ్చినట్టుంది, "నేను ఉంటే," అని చేర్చాడు.

"మీరుండకపోతే మీ తర్వాత వచ్చేవాడికి ఈ మేడ చూపించి వెళ్ళండి."

"వదినగారికి ఏం చెప్తారు మరి?" కోడలు అడిగింది.

"అదేనమ్మా నా భయం. రెండు ప్రభుత్వాలకి జవాబు చెప్పగలను."

దిగుతూ దిగుతూ అత్తగారి గది గుమ్మం దగ్గర ఆగాడు. కొత్తమనిషి గుమ్మంలో నిలబడితే ఆవిడ ఊరుకునే మనిషి కాదు. వచ్చినవాడి లావుని గురించి ఏదో ఒకటి అనకుండా ఈ ఇంటి గడప దాటి ఎవరూ పోలేదు. ఆవిడ కళ్ళు సగం మూసి ఉన్నాయి. ఛాతీ మాత్రం పైకీ కిందికీ కష్టంగా కదులుతోంది. ఆయన అక్కడే నిలబడి ఆ కదలికని చూశాడు. తర్వాత టీ కూడా తాగకుండా, వచ్చినదానికంటే వేగంగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నడుం మీద చెయ్యి లేదు.

సాయంత్రం ఫోను మోగింది. మామూలుగా అది ఉదయం తప్ప మోగదు.

"ఆర్డరు వేశాను సార్. ఫైరింజన్లు బయల్దేరాయి. అందరూ ఆపరు, ముందే చెప్తున్నాను. కొయ్యకాళ్ళు దున్నే మిషన్లు అందరికీ అందలేదు. అందనివాళ్ళు ఇంకో పంటకి నేల ఎలా ఖాళీ చేస్తారు? వాళ్ళ దగ్గరికి నేనే వెళ్తున్నాను. అమ్మగారికి ఎలా ఉంది?"

"అలాగే ఉంది సార్," అన్నాడాయన. ఆ 'అలాగే' అనడానికి ఆయనకి రెండు ఊపిర్లు పట్టింది.

పొద్దు పొడిచేసరికి వంతెన సగం కనిపించింది. అవతలి సగం ఇంకా పొగలోనే ఉంది. పెట్టె మీద అంకె మూడొందల పది. గీతకి ఇంకా చాలా పైన. ఇదంతా ఎన్నాళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేదు, డాక్టరు చెప్పిన వారంలో మిగిలినవి ఎన్నో కోడలు లెక్కపెట్టడం మానేసింది. మరునాటికల్లా వచ్చి సంజాయిషీ చెప్పుకోమని ఆయనకి పై ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఆయన సూట్‌కేసు సర్దుకుంటూ ఇస్త్రీ చొక్కా అడిగాడు.

"ఆరలేదండీ."

"ఎక్కడేశావు?"

"ఎక్కడేయమంటారు? మేడ మీద వేయమంటారా?"

ఆయన వాళ్ళమ్మ గదిలో కుర్చీ మీదున్న తడిచొక్కా పట్టుకుని చూసి, మళ్ళీ అక్కడే వేశాడు. మేడ దండెం పోయాక ఇంట్లో కుర్చీల వీపులూ, తలుపు రెక్కలూ, బీరువా పిడీ అన్నీ దండేలే అయ్యాయి. అత్తగారి గదిలో మంచం కోళ్ళకి కూడా తువ్వాళ్ళు వేలాడుతున్నాయి. కోడలు వాటి మధ్య నుంచి వంగి దూరి, చెంచాతో జావ పట్టుకుని మంచం మీద కూర్చుంది. గిన్నెలో జావ చల్లారుతోంది. ఆక్సిజన్ మిషను గుర్రుమంటోంది.

అత్తగారు కళ్ళు తెరిచింది. ముందు కోడలిని చూసింది. తర్వాత కుర్చీ మీది చొక్కాని, తలుపు మీది దుప్పటిని, మంచం కోడుకి వేలాడుతూ తన చేతికి తడి తగులుతున్న తువ్వాలుని, ఒక్కొక్కటే చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ముడి కోడలికి బాగా తెలుసు.

"ఇల్లంతా... తడిగుడ్డలు..." ఊపిరి. "ఆరేశావు..." ఊపిరి, దాని వెనకాల ఈల. "మీ పుట్టింట్లో..."

అక్కడ ఆగిపోయింది. కళ్ళు మూసుకుపోయాయి. ఛాతీ పైకి లేచింది. దిగడానికి చాలాసేపు పట్టింది. మళ్ళీ లేచింది.

"చెప్పండత్తయ్యా," అంది కోడలు. "మా పుట్టింట్లో?"

 పుట్టిల్లు పూర్తయితేనే కదా కాలేజీ దాకా వచ్చేది. కోడలు చెంచా గిన్నెలో పెట్టేసి, మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిగి, మిగతా మాట కోసం కూర్చుంది.